ఒకే పీపా, మూడు గ్లాసులు

మా మేనేజరంటే నాకు మొదటి రోజే పడలేదు. ఆయనకు నేనూ పడలేదు. కొన్నేళ్లపాటు ఒకే బల్లకు చెరో పక్క కూర్చుని, ఒకే సీసాలోంచి వైను పోసుకుని రుచి చూశాం. అన్నేళ్లలో ఒకరి గురించి ఒకరం ఒక్క మంచి మాట అనుకోలేదు.

డెబ్బైల మొదట్లో సంగతి. సంగారెడ్డి గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే ఒక సేటు, బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరుకు కాస్త ఇవతల చిన్న వైను ఫ్యాక్టరీ నడిపేవాడు. రుద్రారం చుట్టుపక్కల రైతులు అప్పుడప్పుడే ద్రాక్ష పందిళ్లు వేస్తున్నారు. తెల్ల ద్రాక్ష పట్నం మార్కెట్‌కు పోయేది, నల్ల ద్రాక్ష మాకు వచ్చేది. అప్పటిదాకా దాంతో చక్కెర దండిగా కలిపిన తీపి వైనే చేసేవారు. చక్కెర లేని ఎర్ర వైను చేసి పట్నంలో పెద్ద హోటళ్లకు అమ్మాలని సేటుకు కోరిక పుట్టింది. పొరుగూరి కాపు ఇంటి పిల్లను, కెమిస్ట్రీ చదివాను, ఖాళీగా ఉన్నాను. నన్ను ల్యాబులో పెట్టుకున్నాడు.

మేనేజరు సారా డిస్టిలరీల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన పట్నం మనిషి. నేను బల్ల ముందు కూర్చోగానే అడిగాడు.

"ఏం మేడం, మీ ఇంట్ల తాగుతరా?"

"తాగరు సార్."

"మరి నువ్వేం రుచి జెప్తవ్? పులుపెంత, చక్కెరెంత, గది మిషన్ల సూసి జెప్పు, సాలు. రుచి నా జిమ్మా, నేను సూస్కుంట."

"రుచి సూసేటందుకు గూడ సేటు నన్ను పెట్టుకున్నడు సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. గ్లాసు నా వైపు తోసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నాకెవరూ నేర్పలేదు. గ్లాసును తెల్ల కాయితం మీద వంచి అంచు రంగు చూసేదాన్ని. కొత్త వైను అంచు నేరేడు పండు రంగులో ఉంటుంది, వేడికి పాడైంది ఇటుక రంగుకు తిరుగుతుంది. తర్వాత వాసన. తర్వాత ఒక గుక్క నోట్లో తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మేయాలి. మొదట్లో నాలుక మంట తప్ప నాకేమీ తెలిసేది కాదు. మెల్లమెల్లగా మంట వెనక పులుపు తెలిసింది. ఆ వెనక, పచ్చి ఉసిరికాయ కొరికినట్టు చిగుళ్లను పట్టే వగరు తెలిసింది. ఒక్క చుక్క మింగేదాన్ని కాదు. అయినా బట్టలకూ నోటికీ ఆ వాసన పట్టేది.

సంగారెడ్డిలో నేను కిరాయికున్న ఇంటావిడ ఒక సాయంత్రం గుమ్మంలోనే ఆపింది.

"బిడ్డా, ఇగ నువ్వు వేరే ఇల్లు సూస్కో."

"ఎందుకు పిన్నీ? ఏమైంది?"

"ఏమైందని నన్నడుగుతున్నవా? పొద్దుగాల్నే తాగుతదట ఆ పిల్ల అని గంజ్ల అందరంటున్నరు. మీ మేనేజర్ సాబే జెప్పిండట. మా ఇంట్ల పెండ్లీడు పిల్లలున్నరు. గిట్లాంటియి మాకొద్దు."

"తాగను పిన్నీ, నోట్లేసుకొని ఉమ్మేస్త."

"నోట్లేసుకున్నంక ఉమ్మితేంది, మింగితేంది?"

సామాను రిక్షాలో వేసుకుని బస్టాండు దాకా, అక్కణ్నుంచి బస్సులో పటాన్‌చెరు దాకా పోయాను. అక్కడ చుట్టంలాంటి ఒక టీచరమ్మ గది ఇచ్చింది. మరునాడు మేనేజరును నిలదీశాను. "అబద్ధం జెప్పిన్నా? పొద్దుగాల నోట్లె పోస్కుంటవా లేదా?" అన్నాడు. ఆ రోజు నుంచి పనికి సంబంధం లేని మాట ఆయనతో మాట్లాడలేదు.

పనికి సంబంధించిన మాటలన్నీ తగాదాలే. ఆయన ద్రాక్షను ఏప్రిల్ దాకా పందిరి మీదే ఉంచేవాడు. అప్పటికి కాయలు బెల్లంలా తీపెక్కేవి, పులుపు చచ్చిపోయేది. వాటిని మధ్యాహ్నం ఎండలో లారీలో తెచ్చి రేకుల షెడ్డు కింద పులియబెట్టే తొట్లలో పోయించేవాడు. తొట్టి మీద చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒళ్లులా కాలేది. ఆ వైను వాసన చూస్తే కాగిన ద్రాక్ష పాకం, దాని వెనక ముక్కులోకి దూరే సిర్కా, అంటే వెనిగరు వాసన.

"జెర ముందుగాల కోయిద్దాం సార్. పొద్దు పొడవకముందే కోయిద్దాం. తొట్లమీద తడి గోనెసంచులు కప్పుదాం," అన్నాను.

"ముందుగాల కోస్తె ఘాటేడుంటది? ఎండదేశం వైన్ గిట్లనే ఉంటది. నచ్చకుంటె చలిదేశం పో."

నా గోల సేటుదాకా పోయింది. ఒకరోజు మేనేజరు సేటును పిలిపించి, ఆయన ముందే నా ఎదుట మూడు గ్లాసులు పెట్టాడు. మూడు పీపాలవి, ఏది మంచిదో చెప్పమన్నాడు. నేను తొందరపడకుండా చూశాను. మొదటిది బాగుందన్నాను: నేరేడు వాసన, నిలబడ్డ పులుపు. రెండోది ఫర్వాలేదన్నాను. మూడోది కాగింది, ఘాటు ముక్కులో పొడుస్తోంది, పారబోయాలన్నాను.

మేనేజరు బల్ల మీద చరిచాడు. "సేటూ, ఇన్నవా? మూడు ఒక్క పీపావే! ఒక్కటే సీసాల కెళ్లి పోసిన. గీమె నాలుక మీద నువ్వు దుకాణం నడుపుతవా?"

నా ముఖం మండిపోయింది. సేటు నా వైపు చూడలేక టోపీ సర్దుకున్నాడు. నేను గ్లాసులు మళ్లీ పట్టుకున్నాను. మొదటిది చల్లగా ఉంది. మూడోది వెచ్చగా ఉంది. కిటికీ గట్టు మీద ఎండలో పెట్టి తెచ్చినట్టుంది.

"సేటూ, ఒక్క పీపాదే కావచ్చు. గని గిది ఎండల పెట్టిన్రు. పట్టుకొని సూడు. గ్లాసులనే ఎండ గింత జేస్తె, తొట్టిల ఎంత జేస్తది?"

సేటు గ్లాసు ముట్టుకోలేదు. "సరేలే అమ్మా," అని లేచి వెళ్లిపోయాడు. మేనేజరు ఆ గ్లాసును కావాలనే ఎండలో పెట్టాడో, ఊరికే అక్కడ మరిచాడో నాకు తెలియదు. కావాలనే అని ఈనాటికీ నా నమ్మకం. ఆ ఏడాదంతా ఫ్యాక్టరీలో లోడింగ్ కూలీలు కూడా నన్ను మూడు గ్లాసుల మేడం అని పిలిచారు. ఆ పేరు పెట్టిందెవరో అడగాల్సిన పని లేదు.

మరుసటి ఏడు మార్చిలో వడగండ్ల వాన భయానికి రుద్రారం రైతులు కొందరు ద్రాక్షను ముందే కోసి తెచ్చారు. మేనేజరు వద్దన్నాడు. సేటు గంజ్ మనిషి కాబట్టి చవగ్గా వచ్చే సరుకును వెనక్కి పంపలేకపోయాడు. ఆ ద్రాక్షను ఒక తొట్టిలో పోసి, "గిది నువ్వు సూస్కో అమ్మా, ఖరాబైతే నన్ననొద్దు," అన్నాడు. తడి గోనెసంచులు కప్పించాను. అవి ఆరినప్పుడల్లా నేనే వెళ్లి నీళ్లు చల్లాను.

చలికాలంలో నా వైనూ ఆయన వైనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఆయన నాది నోట్లో పోసుకుని బకెట్లో ఉమ్మి, "చింతపండు చారు," అన్నాడు. నేను ఆయనది ఉమ్మి, "బెల్లం పాకం," అన్నాను. రెండు మాటలూ నిజమే. నాది రంగు బాగుంది, వాసన తేటగా ఉంది, కానీ పలచన, పళ్లు పులిసేంత పులుపు. ఆయనది చిక్కన, మందం, కానీ కాగిపోయింది. నాది బాగాలేదని ఆయన ముందు నేనొప్పుకోను. తనది పాడైందని ఆయనా ఒప్పుకోడు. గొంతులు పెరిగాయి.

పక్కన కూర్చున్న సేటుకు విసుగొచ్చి, మేనేజరు గ్లాసు తెచ్చి నా గ్లాసులో ఒంపాడు. ఒక గుక్క తాగి, "గిది మంచిగున్నది," అన్నాడు. మేమిద్దరం ఆ గ్లాసునే చూశాం గానీ చెయ్యి చాపలేదు. సేటు గద్దించాకనే రుచి చూశాం. నిజంగానే బాగుంది. పులుపు నిలబడింది, చిక్కదనం వచ్చింది, సిర్కా వాసన దాదాపు తెలియలేదు. నాకది మింగుడుపడలేదు. ఆయనకూ పడి ఉండదు.

అప్పటి నుంచి ఏటా రెండు తొట్లు, రెండూ కలిపే పని మా ఇద్దరిదీ. అదొక నరకం. "నీది జెర తక్కువ పొయ్యి," అంటే "నీదే ఎక్కువైంది," అనుకుంటూ మధ్యాహ్నాలు గడిచేవి. పట్నం హోటళ్లు కొన్నాళ్లు కొన్నాయి, తర్వాత మానేశాయి. జనానికి తీపి వైనే కావాల్సి వచ్చింది. సేటు నష్టం భరించలేక మళ్లీ చక్కెర మూటలు దింపించాడు. చక్కెర కలిపే దానికి ఇద్దరక్కర్లేదని మేనేజరును వెళ్లిపొమ్మన్నాడు. మరి కొన్నాళ్లకు నేనూ మానేసి, పక్కనే కొత్తగా పెట్టిన మందుల ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను.

మేనేజరు వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. పెట్టె పట్టుకుని ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"పోతున్న మేడం."

"పోండ్రి."

"నీ నాలుక మంచిదని ఎవలన్న అంటె నమ్మకు. నేనైతె ఎన్నడు అనలే."

"మీరన్నా నేను నమ్మేదాన్ని గాదు సార్."

ఆయన రోడ్డు దాటి బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు రావడం ఆలస్యమైంది. ఎండలో పెట్టె మీద కూర్చుని ముఖం తుడుచుకుంటూ ఉన్నాడు. మా షెడ్డులో కుండ నిండా చల్లటి నీళ్లున్నాయి. పంపాలనిపించలేదు. బస్సు వచ్చి ఆయనను ఎక్కించుకుని పోయాక టిఫిన్ డబ్బా విప్పాను. ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను.