మరుపు లేని కళ్లజోడు

ఆ పరిశోధకుడు కనబడితే చాలు, ల్యాబులో అందరూ టీ కప్పుల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. గాయాలకు కుట్లు వేసేందుకు, ఒంటి వేడికి తనంతట తానే బిగుసుకునే ప్లాస్టిక్కు దారం తయారుచెయ్యడం ఆయన పని. అలాంటి ప్లాస్టిక్కుతోనే తనకో కళ్లజోడు కూడా చేసుకున్నాడు. దాన్ని మెలిపెట్టి, ఎవరి టీలోనో ముంచి, అది తిన్నగా అవుతుంటే కన్నతండ్రిలా మురిసిపోతాడు. మొన్న సాయంత్రం ఇంటికి వస్తూనే భార్య కప్పులో ముంచాడు.

"చూశావా, ఎంత వంచినా తన రూపం మర్చిపోదు. వేడి తగిలితే అన్నీ గుర్తొచ్చేస్తాయి."

ఆవిడ గుమ్మం వైపు చూసింది. "బాగుంది. దార్లో బడి దగ్గర అమ్మాయిని ఎక్కించుకొస్తానన్నారు. ఏదీ?"

టీ కారుతున్న కళ్లజోడుతో ఆయనా గుమ్మం వైపు చూశాడు. తర్వాత ఒకటే పరుగు.

"రేపట్నుంచి ఆ టీ మీ నెత్తిన పోస్తాను," అంది ఆవిడ.