అడిగి వచ్చే మనిషి

ఆ పరుపుల ఫ్యాక్టరీలో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను ‘రావచ్చా’. కంప్యూటర్ల గదిలో ఒక్కడే కూర్చుని, ఎవరి మిషన్ మొరాయించినా తన కుర్చీలోంచి కదలకుండానే దాంట్లోకి వెళ్ళి బాగుచేసేవాడు. వెళ్ళేముందు మాత్రం ఫోన్ చేసి, "మీ మిషన్లోకి రావచ్చా?" అని అడిగేవాడు. "రావయ్యా బాబూ, చెప్పులు బయట విడిచి రా" అని జనం ఏడిపించేవాళ్ళు. ఎంత ఏడిపించినా అతను అడగడం మానలేదు.

మొదట్లో అడగక తప్పేది కాదు. అప్పట్లో వాడిన రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో అవతలి తెర మీద చిన్న పెట్టె వచ్చేది. ఆ మనిషి ‘సరే’ అని నొక్కితేనే ఇతనికి దారి దొరికేది. దానికోసం ప్రతి మిషన్లోనూ ఒక పోర్టు తెరిచి ఉంచాలి. పోర్టంటే బయటి పిలుపు వినడానికి పెట్టిన తలుపు. ఇతని కోసం తెరిచిన తలుపు దొంగకూ పనికొస్తుంది. పనికొచ్చింది కూడా. ఒక సోమవారం పొద్దున వచ్చి చూసేసరికి ఆర్డర్ల ఫైళ్ళన్నిటికీ ఎవడో తాళం వేసి కూర్చున్నాడు. ఆఫీసు ఆఫీసంతా తల పట్టుకుంది.

ఆ తర్వాత యజమాని వెంటపడి కొత్త రక్షణ సాఫ్ట్‌వేర్ కొనిపించింది రావచ్చానే. ప్రతి మిషన్లో ఏజెంటు అనే చిన్న ప్రోగ్రామును కూర్చోబెట్టి, పాత పోర్టులన్నీ తన చేత్తోనే మూసేశాడు. ఈ ఏజెంటు బయటి పిలుపు వినదు. మామూలు వెబ్‌సైట్లకు వెళ్ళే దారినే, దారిలో ఎవరూ చదవలేని రహస్యలిపిలో, తనే లోపలినుంచి రావచ్చాకు మాటిమాటికీ కబురు చేస్తుంది. నాకేమైనా పని ఉందా అని అడుగుతుంది. ఉందంటే చేసిపెడుతుంది. ఇంట్లో పెట్టిన కాపలావాడు తనే యజమానికి ఫోన్ చేసుకుంటున్నట్టన్నమాట. బయటికి తెరిచిన తలుపు ఒక్కటీ లేదు. అది తలుచుకుని అతను మురిసిపోయాడు. ఇంట్లో భార్యకు కూడా వివరించాడు, ఆవిడ వింటూ వింటూ నిద్రపోయింది.

అయితే ఈ ఏజెంటుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెర మీద పెట్టె రాదు. మిషన్లో చీమ చిటుక్కుమన్నా రాసిపెట్టుకుంటుంది. ఈ సంగతి రావచ్చా ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. తను ఎప్పటిలాగే ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాడు కదా, చెప్పాల్సిన అవసరం తోచలేదు. అడక్కుండా వెళ్ళడమంటే పరాయి పడకగదిలోకి తొంగిచూసినట్టే అతనికి. అందుకే ఫ్యాక్టరీ అంతా, అడిగితే తప్ప తమ మిషన్లోకి ఎవరూ రాలేరని గుండెలమీద చెయ్యేసుకుని నిశ్చింతగా ఉంది.

అందరికన్నా ఎక్కువ నమ్మింది స్టోర్స్ అక్క. దారం కండెలు, జిగురు డబ్బాలు, సూదులు, తాళ్ళు అన్నీ ఆవిడ చేతిమీదుగానే పోవాలి. నోరు పెద్దది. రావచ్చా గదికీ ఆవిడ గదికీ మధ్య ఒకటే గోడ కాబట్టి ఆ నోరు ఇతనికి రోజంతా వినబడేది. ఇతన్ని "తమ్ముడూ" అనేది.

ఒకరోజు మేనేజర్ కబురు పంపితే అక్క ఒక గొలుసూ ఒక తాళమూ ఇచ్చింది. ఎందుకని అడగలేదు. కొన్నాళ్ళకు స్పాంజి గోడౌన్లో జిగురు డబ్బా అంటుకుంది. లోపల పనిచేసే ఆడవాళ్ళు వెనక తలుపుకేసి పరిగెత్తారు. తలుపుకు గొలుసు వేసి ఉంది. సరుకు ఆ దారిన దొంగతనంగా పోతోందని మేనేజర్ వేయించాడట. ఏదో అదృష్టం కొద్దీ మంట స్పాంజి దాకా పాకకుండా ఆరింది. పొగ తగ్గాక వెళ్ళి చూసిన అక్క ఆ గొలుసును గుర్తుపట్టింది.

"నా చేత్తో తీసిచ్చాను తమ్ముడూ," అంది మర్నాడు రావచ్చా గదికి వచ్చి. "గట్టిది కావాలంటే ఏరి మరీ ఇచ్చాను. ఇంత జరిగాక కూడా మళ్ళీ దాన్నే బిగించారు. ఈసారి అంటుకుంటే లోపలివాళ్ళ గతేంటి? కళ్ళు మూసుకుంటే అదే కనబడుతోంది."

"మేనేజరు గారితో చెప్పండక్కా."

"చెప్పాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు."

ఆవిడ ఊరుకోలేదు. పాడైన సరుకును ఫోటో తీయడానికి స్టోర్స్‌లో ఒక కెమెరా ఉంది. దాంతో ఆ తలుపును ఫోటో తీసి, తన మిషన్లోకి ఎక్కించి, పేరు చెప్పకుండా అగ్నిమాపక శాఖకు పంపింది. అక్కడి అధికారి తనిఖీకి రాలేదు. ఆ ఫోటోను తిన్నగా యజమానికే పంపి, కాస్త చూసుకోండి అన్నాడు. అలాంటి మహానుభావులు ఎక్కడ చూసినా ఉంటారు.

మేనేజర్ కంప్యూటర్ల గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"ఈ ఫోటో ఏ మిషన్లోంచి పోయిందో తేల్చు."

"ఒకసారి అందరికీ ఫోన్ చేసి చెప్పి, చూస్తాను సార్."

"ఎవరికీ చెప్పకు. చెబితే చెరిపేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియని సంగతి ఉండదని నువ్వేగా మా చేత కొనిపించావు?"

ఫోటో చూడగానే రావచ్చాకు ఎవరి పనో అర్థమైంది. దొరకలేదని బొంకుదామా అనుకున్నాడు. మేనేజర్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. పైగా ఎవరి మిషన్లోకి ఎవరు వెళ్ళారో, ఏం చూశారో, ఏం చెరిపారో అంతా రికార్డయ్యేలా అమర్చింది తనే. కెమెరా పెట్టిన నంబరే ఫోటో పేరుగా ఉంది. దాన్ని మార్చాలని అక్కకు తోచలేదు. ఆ పేరు వెతకమని అన్ని ఏజెంట్లకూ ఆదేశం పంపాడు.

గోడ అవతల అక్క ఎవరినో పట్టుకుని నవ్వుతూ తిడుతోంది. ఆవిడ తెర మీద ఏమీ కదలలేదు. కెమెరా కార్డు పెట్టడం, ఫోటో ఎక్కించడం, పంపడం, అన్నీ వరసగా వచ్చి ఇతని ముందు వాలాయి.

"ఆ మిషన్ను కట్టడి చెయ్యి," అన్నాడు మేనేజర్.

నొక్కాడు. ఏజెంటు మాట్లాడే దారి ఒక్కటి తప్ప ఆ మిషన్‌కు మిగతా దారులన్నీ తెగిపోయాయి. వెంటనే అతని బల్ల మీద ఫోన్ మోగింది.

"తమ్ముడూ, నా నెట్ పోయింది. కాస్త లోపలికొచ్చి చూడు నాయనా. అడగక్కర్లేదులే, నేనే రమ్మంటున్నా."

మేనేజర్ వింటున్నాడు. "చూస్తానక్కా," అన్నాడు రావచ్చా.

సాయంత్రానికి ఆవిడను ఉద్యోగంలోంచి తీసేశారు. గేటు దగ్గర గుమిగూడినవాళ్ళలో ఎవరో గొణిగారు, ఇది కంప్యూటర్ల గది పనే అని. అక్క వాళ్ళమీద విరుచుకుపడింది.

"నోరు ముయ్యండి. వాడు అడక్కుండా వచ్చే రకం కాదు. నేను కెమెరా పట్టుకుని పోతుంటే ఎవడో చూసుంటాడు."

అతను అక్కడే నిలబడి ఉన్నాడు. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. ఆవిడ దగ్గరికొచ్చి అతని భుజం తట్టింది. "నేను పోయినా నువ్వు లోపలున్నావు. ఆ గొలుసు మీద ఓ కన్నేసి ఉంచు తమ్ముడూ."

ఆ తర్వాత ఒకసారి ధైర్యం కూడగట్టుకుని, "సార్, ఆ వెనక తలుపు..." అని మొదలుపెట్టాడు. "నీ మిషన్లో కూడా ఆ ఏజెంటు ఉంది కదూ?" అని అడిగాడు మేనేజర్. రావచ్చా తన గదికి వచ్చేశాడు. ప్రింటర్ చూసే నెపంతో గోడౌన్లోకి వెళ్ళేవాడు. గొలుసు అలాగే ఉండేది. దాని ముందు స్పాంజి దిమ్మలు కప్పు దాకా పేర్చేశారు కూడా. ఎవరి మిషన్ చెడినా ఫోన్ ఎత్తి, అడగబోయి పెట్టేసేవాడు. లేచి స్వయంగా నడుచుకుంటూ వెళ్ళేవాడు.

ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"గొలుసు తీశారా తమ్ముడూ? అక్కడివాళ్ళెవరూ నా ఫోన్ ఎత్తట్లేదు, ఎత్తితే వాళ్ళకీ నా గతే పడుతుందని భయం. తీయలేదంటే చెప్పు. మా మరిదికి పత్రికలో తెలిసినవాడున్నాడు. రేపే వెళ్ళి అంతా చెప్పేస్తాను. నన్నెలా పట్టుకున్నారో కూడా వాళ్ళే తవ్వి తీస్తారు."

ఆ చివరి మాటకు అతను అరచేత్తో ఫోన్ కప్పి గది తలుపు వైపు చూశాడు. జవాబు చెప్పింది జాలి వల్లో పిరికితనం వల్లో అతనికే తెలియలేదు. నన్నడిగితే పిరికితనమే.

"తీశారక్కా," అన్నాడు.

"నిజంగానా?"

"నిజంగానే."

అవతల ఆవిడ ఏడ్చేసింది. "అమ్మయ్య! ఉద్యోగం పోతే పోయింది, పీడా వదిలింది. ఇంకెవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు తమ్ముడూ. ఇక ఆ పత్రికవాళ్ళ గోల నాకెందుకు? చల్లగా ఉండు నాయనా."

ఫోన్ పెట్టేశాడు. భోజనాల వేళ అయిపోయింది. కిటికీలోంచి చూస్తే గోడౌన్ ముందు తలుపు కనబడుతోంది. ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్తున్నారు. చివరావిడ వెళ్ళాక కాపలావాడు ఆ తలుపు దగ్గరగా వేశాడు.