ఆపేసిన సినిమాకు నవ్విందెవరు

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. ముందే చెబుతున్నాను. ఈ సంగతి నేను చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ నిలబడి చెప్పాను. సగంలోనే పాస్టరుగారు "ప్రార్థన చేసుకుందాం తల్లీ, కూర్చో" అన్నారు. వెనక వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దేవుడి ముందు నిలబడి అబద్ధం చెప్పడానికి నాకేం పని? ఇది జరిగింది. నా పక్క సీట్లో జరిగింది. నా చెవులతో విన్నాను.

రెండు వేల ఆరో, ఏడో. సంవత్సరం సరిగ్గా గుర్తులేదు. ఆ రోజుల్లో నాకు తెలిసినవి మంగళవారం, శుక్రవారం... అంతే. ఆ రెండు రోజులూ మా బావని విశాఖపట్నం డయాలసిస్‌కి తీసుకెళ్లేదాన్ని. బావంటే నా మొగుడే, మేనమామ కొడుకు. మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. మా వీధిలోనే అప్పటికి నలుగురు కిడ్నీ మనుషులు. ఎందుకొస్తోందయ్యా అని అడిగితే ఒకరు నీళ్లంటారు, ఒకరు ఎండంటారు. పరీక్షలకని వచ్చినవాళ్లు సీసాల్లో మా బావినీళ్లు పట్టుకుని వెళతారు, మళ్లీ మొహం చూపించరు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బావ పలాసలో ఆటో నడిపేవాడు. స్టాండులో కంటే సినిమాహాలు దగ్గరే ఎక్కువ ఉండేవాడు. కొత్త బొమ్మ పడితే మొదటి ఆట చూడాల్సిందే. ఇంటికొస్తే టీవీలో కామెడీ సీన్లు. సరిగ్గా నా సీరియల్ టైముకే ఆ సీన్లు. ఎన్ని గొడవలు పడ్డామో... నాకు ఆ కామెడీ అంటే చిరాకు. ఆయన నవ్వంటే ఇంకా చిరాకు. హి హి అని చిన్నగా మొదలవుతుంది. గొంతు కీచుమంటుంది. చివర్లో తొడ మీద ఫట్ ఫట్ అని రెండు దెబ్బలు. రోడ్డు మీదకి వినబడేది. "పక్కింటోలు ఏటనుకుంటారు, మెల్లగా నవ్వు బావా" అని రోజూ తిట్టేదాన్ని. జబ్బు చేశాక ఆ నవ్వు తగ్గింది. తరవాత ఆగిపోయింది. సీన్లు మాత్రం చూసేవాడు. డైలాగులు పెదవులతో అనుకునేవాడు. డాక్టరుగారు, ఒంట్లో బలం వస్తే అన్నీ వస్తాయమ్మా అన్నారు. నమ్మాను.

ఆ శుక్రవారం మెషీను ఆలస్యంగా దొరికింది. రైలు వెళ్లిపోయింది. రాత్రి తొమ్మిదికి ప్రైవేటు వీడియో కోచ్ ఎక్కాం. బావ చేతికి కట్టు. నోరు ఎండిపోతోంది. రోజుకి లీటరు నీళ్లే తాగాలి, అది మధ్యాహ్నానికే అయిపోయింది. తడిగుడ్డతో పెదవులు తుడుస్తూ కూర్చున్నాను. ఆయన రెండు చేతులూ తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

డ్రైవరు వెనకాల డబ్బా టీవీ. కామెడీ సినిమా వేశారు. ఆ సౌండుకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. అసలు మనిషి ప్రయాణం చేయాలంటే చెవిలో సినిమా పోయించుకోవాలని ఎవరు రాసిపెట్టారు? రోగులుండరా, పసిపిల్లలుండరా? శ్రీకాకుళం దాటేసరికి బస్సంతా నిద్రలో ఉంది. టీవీ ఒక్కటే అరుస్తోంది. లేచి క్లీనరు దగ్గరికి వెళ్లాను. మీసాలు నెరిసిన పెద్దమనిషి.

"అన్నా, టీవీ కట్టియ్యి. మా ఆయనకి ఒంట్లో బాగునేదు."

"పేసింజర్లు సూత్తన్నారు గదా సెల్లీ."

"ఎవులు సూత్తన్నారు? అందరూ నిద్దరోతన్నారు."

"ఎనక సీట్లో ఒకడు నవ్వుతున్నాడు. ఇనబడ్డం నేదేటి?"

విన్నాను. నిజమే. వెనక చీకట్లో ఎవరో నవ్వుతున్నారు. చిన్నగా... హి హి అని. నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ ఒక్కడి కోసం ఇంతమందికి శిక్షా? గొంతు పెంచాను. డ్రైవరే విసుక్కుని స్విచ్చి నొక్కేశాడు. సరిగ్గా పెళ్లిచూపుల సీను నడుస్తోంది అప్పుడు. కమెడియన్ వేడి పకోడీ నోట్లో పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక తిప్పలు పడుతుంటాడు. అక్కడ ఆగింది.

చీకటి. ఇంజను మోత. ఎవరిదో గురక. హమ్మయ్య అనుకుని సీట్లోకి వచ్చి, బావ చేతులు మళ్లీ ఒళ్లోకి తీసుకుని కళ్లు మూసుకున్నాను.

పక్కన ఏదో గుసగుస... కళ్లు తెరిచాను. బావ పెదవులు కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను. సినిమా ఆగిన చోటి నుంచి చెబుతున్నాడు. "పకోడీ బాగుందా బాబూ..." అని, సినిమాలో ఎంతసేపు ఆగుతారో అంతసేపూ ఆగాడు.

వెనక నుంచి నవ్వు వినబడింది.

కాకతాళీయం అనుకున్నాను. బావ మళ్లీ అన్నాడు. "ఇంకోటి వెయ్యమంటారా బాబూ..." ఆగాడు.

మళ్లీ నవ్వు.

మీరు ఒకటి ఆలోచించండి. చెవి ఆనించిన నాకే ఆ మాటలు సగం వినబడ్డాయి. పది వరసల అవతల ఉన్నవాడికి ఎలా వినబడతాయి? మూడోసారి... ఆ నవ్వు హి హి అని మొదలైంది. గొంతు కీచుమంది. నా చేతులు బిగుసుకున్నాయి. వద్దు, వద్దు అనుకుంటున్నాను...

ఫట్. ఫట్.

బావ చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. గట్టిగా పట్టుకుని ఉన్నాను.

భయం తరవాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఏడాదిగా నా ఇంట్లో వినబడని నవ్వు అది. దాన్ని ఎవడో ఎత్తుకెళ్లి, చీకట్లో కూర్చుని వాడుకుంటున్నాడు.

"బావా... ఎవులు నవ్వుతున్నారు?"

కళ్లు తెరవకుండానే చెప్పాడు. "ఆడే. మూడు వారాల్నుంచీ మనతోటే వత్తన్నాడు."

"ఎవుడు?"

"నవ్వనీ సుగుణా. మంచోడు."

టెక్కలి దాటాం. అప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. బస్సు మట్టిదారిలోకి దిగి నెమ్మదిగా పోతోంది. రెండు పక్కలా జీడితోటలు. ఒక్క దీపం లేదు. అక్కడ బస్సు ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. వెనక నుంచి చెప్పుల చప్పుడు.

టప్... టప్... టప్...

నిద్రపోతున్నవాళ్ల మధ్య నుంచి, తొందర లేకుండా వస్తోంది. మా సీటు దగ్గర ఆగింది. కొబ్బరినూనె, పెట్రోలు కలిసిన వాసన. ఆటో నడిపే రోజుల్లో బావ ఇంటికొస్తే వచ్చే వాసన... నేను తల ఎత్తలేదు. పిరికిదాన్ననుకోండి, ఏమైనా అనుకోండి. బస్సు నేల మీద రేకు మడతనే చూస్తూ కూర్చున్నాను.

బావ లేచి నిలబడ్డాడు. సాయంత్రం నలుగురు పట్టుకుంటేగాని లేవని మనిషి.

"దిగుదాం సుగుణా. ఒచ్చీసినాం."

"మనూరు కాదు బావా ఇది. కూకో."

"ఆడు దిగుతున్నాడు. నానూ దిగుతాను."

నలభై కేజీల మనిషి. రెండు చేతులతో లాగినా ఆగడం లేదు. చొక్కా గుండీలు తెగిపోయాయి. అప్పుడు... ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నేల చూస్తూనే అరిచాను.

"దిగితే నువ్వు దిగు. ఈ మనిసి నా మనిసి. నీతోటి రాడు. దిగిపో ముందు. మళ్లీ ఈ బస్సెక్కినావంటే ఊరుకోను."

ఎవరో లేచి "ఏటైందమ్మా" అన్నారు. నేను బావ చొక్కా వదల్లేదు. తరవాత... టప్, టప్. మెట్లు దిగింది. మనిషి దిగితే బస్సు ఒక పక్కకి ఊగుతుంది చూడండి, అలా ఊగింది. తలుపు పడింది. బావ సీట్లో కూలబడి పసిబిడ్డలా నిద్రపోయాడు.

పలాసలో దిగాక క్లీనర్ని పట్టుకున్నాను. "తోటల కాడ ఎవులు దిగినారు?"

"తెల్దు సెల్లీ. బస్సు రేకు మీద తట్టితే ఆపినాం. సూత్తే ఎవులూ నేరు."

"మరి ఎనక సీట్లో నవ్వినోడు?"

టార్చి వేసి చూపించాడు. వెనక సీటంతా పార్సిలు మూటలే. విశాఖలోనే తాళ్లతో కట్టేశారట. ఆ మనిషి టార్చి ఆర్పకుండా చాలాసేపు నా మొహమే చూశాడు. "నీకూ ఇనబడింది గదా సెల్లీ?" అన్నాడు.

బావ ఆ తరవాత పంతొమ్మిది నెలలు బతికాడు. అంతకాలం ఉండడని వీధిలో అందరూ అనుకున్నారు. నేను గెలిచానని అనుకున్నాను. చెప్పొద్దూ, కొంచెం గర్వపడ్డాను కూడా. ఎవరితోనూ అనకపోయినా, ఆ రాత్రి దింపేశాను కాబట్టే ఉన్నాడని నా లెక్క.

పోయే ముందు వానాకాలం. సాయంత్రం టీవీలో ఏవో కామెడీ సీన్లు వస్తున్నాయి. నాకే నవ్వొచ్చింది, నవ్వాను. ఆయన మొహం గోడలా ఉంది. డైలాగులు కూడా అనుకోవడం మానేసి చాలా రోజులైంది. నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఆడ్ని ఎందుకు దింపీసినావు సుగుణా? ఆడుంటే ఇప్పుడు నవ్వీవోడు."

కోపం తలకెక్కింది. "నీకోసమే గదా బావా, నీకోసం కాదేటి" అని అరిచాను. జబ్బు మనిషి మీద అరిచాను. ఆయన టీవీ వైపు తిరిగాడు.

ఆ తోటల దగ్గర చీకట్లోకి నేను ఎవర్ని దింపేశానో నాకు తెలియదు. చావునే దింపానో... ఆయన్నే సగం దింపేసి, మిగతా సగాన్ని ఇంటికి తెచ్చుకుని పంతొమ్మిది నెలలు తడిగుడ్డతో తుడిచానో. పలాస వెళ్లే రాత్రి బస్సు ఆ మలుపులో నెమ్మదిస్తే, ఇప్పటికీ నేను కిటికీ వైపు చూడను.