మామ్మగారి మంచుపువ్వులు

మా వీధి చివరింటి మామ్మగారు పోయారని పాలప్యాకెట్లు వేసే ఆయన గేటు దగ్గర చెప్పారు. "వాకిలి ఊడుస్తూ కూలబడిపోయారటండీ. గుడివాడలో కూతురికి ఫోన్ చేశారు. బయల్దేరారట."

నేను "ఏ మామ్మగారు?" అని అడిగాను. ఆయన నా వంక వింతగా చూశారు. మా వీధిలో మామ్మగారంటే ఒక్కరే. ఆ సంగతి నాకు తెలియక కాదు. రెండేళ్లుగా ఆవిడతో మాట మానేసినదాన్ని, ఆ వార్త వినగానే ఏం అనాలో తోచక అలా అడిగానేమో.

పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటే ఆవిడ విషయంలో నాకు కరువేమీ లేదు. కానీ ఆ మాటలన్నిటికీ ఒక రోజు అడ్డం పడి ఉంది. దాన్ని దాటి వెళ్లలేకపోతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆవిడ మా బందరులోనే ఒక చిన్నపిల్లల బడిలో ఆయాగా పనిచేసి మానేశారు. భర్త చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు అతుకులు పెట్టే పని చేసేవారు, నేను ఈ వీధికి రాకముందే పోయారు. నేను గూడూరు హైస్కూల్లో టీచర్ని. మావారికి అవనిగడ్డలో ఉద్యోగం. ఇద్దరం ఇల్లు చేరేసరికి పొద్దుగూకేది. అందుకని పిల్లలిద్దరూ బడి బస్సు దిగి మామ్మగారింటికి వెళ్లేవారు. నేను అడగలేదు, ఆవిడే పిలిచి చెప్పారు. "నాకు తోచక చస్తున్నానమ్మా. నీ పిల్లలు వస్తే ఇంట్లో గోల ఉంటుంది." నేను వెళ్లేసరికి ఇద్దరికీ మొహాలు కడిగి, మరమరాలు కలిపి పెట్టి ఉంచేవారు.

డిసెంబరు వస్తే ఆవిడింట్లో మంచుపువ్వులు మొదలయ్యేవి. బడిలో క్రిస్మస్ అలంకరణలకని ఎవరో టీచరు చేస్తుంటే చూసి నేర్చుకున్నారట. మాకు క్రిస్మస్ లేదు, ఆవిడకూ లేదు. అయినా మానేవారు కాదు. భర్త వదిలిపోయిన సన్నటి రాగితీగ మూడు ముక్కలు చేసి, మధ్యలో ముడివేసి, మంచు పలుక్కి ఉన్నట్టే ఆరు రేకలుగా విప్పేవారు. వాటికి తెల్ల ఊలు చుట్టేది పిల్లలు. గాజు సీసాలో సలసల కాగిన నీళ్లు పోసి, అందులో వెలిగారం కలిపేవారు. అంటే నగలకు అతుకు పెట్టేటప్పుడు కంసాలులు వాడే తెల్లపొడి. అదీ భర్త పనిసామాన్లలోదే. ఇక కరగనంటూ పొడి అడుగున చేరేదాకా కలిపి, పువ్వును దారంతో పెన్సిల్‌కి కట్టి సీసాలోకి వేలాడదీసేవారు. అంతే.

పిల్లలకు మనసాగదు కదా. పది నిమిషాలకోసారి సీసా ఎత్తి చూడబోయేవారు. "కదిపితే పలుకు కట్టదు. మీరటు తిరగండి, దాని పని అది చేసుకుంటుంది" అనేవారు ఆవిడ. మర్నాడు సాయంత్రానికి ఊలు కనిపించకుండా వెలిగారం గాజు పలుకుల్లా పట్టేసి, కిటికీకి కడితే ఎండకు తళతళలాడేవి. ఒకసారి మా అమ్మాయి తొందరలో ఐదు రేకలతో చేసింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "ఐదైతే నక్షత్రం అవుద్ది. అదీ బాగుంది. కానీ మనం చేద్దామనుకున్నది ఇది కాదు కదా నాన్నా" అన్నారు. తిట్టలేదు, ఆరోది కట్టి ఇవ్వనూ లేదు.

"మీరు మంచు చూశారా మామ్మా?" అని మావాడు అడిగితే, "చూళ్లేదు. చూసినవాళ్లు చెప్తే విన్నాను" అన్నారట.

ఆవిడ అజాగ్రత్త మనిషి కాదు. కాగిన నీళ్లు పిల్లల దరిదాపులకు రానిచ్చేవారు కాదు. పని అయ్యాక అందర్నీ కుళాయి దగ్గర వరసగా నిలబెట్టి, సబ్బుతో తోమించి, చేతులు వాసన చూసి గానీ వదిలేవారు కాదు. ఇది నోట్లో పెట్టుకునేది కాదని ఎన్నిసార్లు చెప్పేవారో లెక్కలేదు. ఇవన్నీ నా కళ్లతో చూసినవే. అయినా ఆ రోజు నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

మావాడికి అప్పుడు నాలుగేళ్లు. నేను వెళ్లేసరికి వాడు అరుగు మీద వాంతి చేసుకుంటున్నాడు. పెదాల చుట్టూ తెల్ల పలుకులు. ఆవిడ ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని రెండో చేత్తో నోరు కడుగుతున్నారు. "ముక్క నోట్లో పెట్టుకున్నాడమ్మా. ఆటో పిలిచాను" అన్నారు. ఆస్పత్రిలో ఒక రోజు ఉంచి పంపారు. దానివల్లే కావచ్చు, బళ్లో తిన్న రేగుపళ్లవల్లా కావచ్చు, గట్టిగా చెప్పలేమన్నారు డాక్టరుగారు. ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు.

వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజు ఆవిడ గిన్నెలో జావ తీసుకుని వచ్చారు. నేను గేటు తీయలేదు. "నగల పనికి వాడే మందు పసిపిల్లలకిస్తారా? మీకు అప్పజెప్పడం నాదే బుద్ధితక్కువ" అన్నాను. ఇంకా చాలా అన్నాను. చుట్టుపక్కలవాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. ఆవిడ అంతా విని, "తప్పు నాదేనమ్మా. పిల్లల్ని ఏమీ అనకు" అని వెళ్లిపోయారు.

నేను పిల్లల్ని ఎందుకంటాను? వయసు మీదపడి ఏదో మాట్లాడుతున్నారనుకున్నాను. మర్నాటి నుంచి ఇద్దర్నీ ట్యూషన్‌లో పెట్టాను. వీధిలో ఎదురైతే ఆవిడ నిలబడేవారు, నేను ఫోన్ చూసుకుంటూ దాటిపోయేదాన్ని. మా అమ్మాయి మామ్మగారింటికి వెళ్తానని ఒక్కసారి కూడా అడగలేదు. నా మాట వింటోందని సంతోషించాను.

ఆవిడ పోయిన రోజు కడసారి చూడ్డానికి వెళ్దాం రమ్మంటే అమ్మాయి రాలేదు. నాలుగో రోజు నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఇప్పుడు దానికి పదకొండేళ్లు.

"అమ్మా, తమ్ముడికి అది ఇచ్చింది నేను."

"ఏది?"

"మంచుపువ్వు ముక్క. పటికబెల్లం అని చెప్పి ఇచ్చాను. వాడు నా పువ్వు రేక విరిచేశాడని కోపమొచ్చింది."

"మామ్మగారికి తెలుసా?"

"వాడి నోట్లోంచి తీసింది ఆవిడే. అప్పుడే అడిగితే చెప్పేశాను. మీ అమ్మకి నీ అంతట నువ్వే చెప్పు, నేను చెప్పను అన్నారు. నేను చెప్పలేదు."

దాన్ని కొట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. రెండూ చేయలేదు. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టాను. ఆవిడ అప్పుడే చెప్పి ఉంటే? పిల్ల వీపు చీరేసేదాన్ని. లేదంటే తన తప్పు పసిదాని మీదకు తోస్తున్నారనుకునేదాన్ని. సరే, ఆవిడ చేసింది మంచిదే అనుకుందామంటే, తొమ్మిదేళ్ల పిల్ల అంత బరువును రెండేళ్లు ఒక్కతే మోసింది కదా. రోజూ నలభై మంది పిల్లల తగువులు తీర్చే టీచర్ని, దీనికి నా దగ్గర తీర్పు లేదు. ఆవిడ మీద నాకిప్పుడున్నది కృతజ్ఞతో, కోపమో కూడా తెలియడం లేదు.

మర్నాడు ఇద్దరం ఆ ఇంటికి వెళ్లాం. గుడివాడ నుంచి వచ్చిన కూతురు కుర్చీ వేశారు. నేను మాటలు వెతుక్కుంటుంటే మా అమ్మాయే నిలబడి అంతా చెప్పేసింది. ఆ కూతురు అంతా విన్నారు. తర్వాత, "అమ్మ నాతో కూడా చెప్పలేదమ్మా" అన్నారు. నా వైపు తిరిగి, "మీ గురించి ఎప్పుడూ తప్పుగా అనలేదండీ. ఆ టీచరుగారికి పిల్లలంటే ప్రాణం అనేది" అన్నారు.

లేచి లోపల్నుంచి ఒక గాజు సీసా తెచ్చారు. పైన అడ్డంగా పెన్సిలు, లోపల దారం. "పారేయడానికి చెయ్యి రాలేదండీ" అన్నారు. నేను తెలియకుండానే అమ్మాయిని వెనక్కి లాగాను. ఆవిడ అది గమనించారు. "వెలిగారం కాదండీ, పంచదార. ఆ డబ్బా అప్పుడే నాచేత పారేయించింది. పంచదారైతే కట్టడానికి వారం పైనే పడుతుందట. వెనకింటి పిల్లల కోసం పెట్టినట్టుంది. వాళ్లకి ముందే ఇంకో పెద్దది ఇచ్చేసిందట, ఇది మీరు తీసుకెళ్లండి."

అమ్మాయి పెన్సిల్ ఎత్తింది. రేకలు ఆరూ ఉన్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం. వెలిగారం పువ్వులా తళతళలాడలేదు, పాకం రంగులో ఉంది.

దాన్ని మా వంటింటి కిటికీకి కట్టాం. సముద్రపు గాలికి రెండు రోజుల్లో జిగురెక్కింది. మూడో రోజు చీమలు పట్టాయి. తుడిచేస్తానంటే అమ్మాయి వద్దంది. మావాడికి ఆ రోజు సంగతి ఏదీ గుర్తులేదు. అక్క వద్దంటే వాడూ వద్దన్నాడు. నేను ఇది రాస్తున్నప్పటికి నాలుగు రేకల మీద పలుకులు పోయి తెల్ల ఊలు బయటపడింది. మిగిలిన రెండింటి మీదా చీమలే. పిల్లలిద్దరూ కిటికీ గట్టు మీద గడ్డాలు ఆనించి చూస్తున్నారు. ఒక్కో చీమా ఒక్కో పలుకు ఎత్తుకుని, దారం ఎక్కి, కిటికీ ఊచ మీదుగా గోడ అవతలికి దిగిపోతోంది.