బావ చెప్పిన చాడీ

కర్నూలు రాజధానిగా వెలుగుతున్న రోజులవి. నేను నంద్యాలలో తెలుగు పండితుణ్ణి. ఆ వేసవిలో నా భార్య విషజ్వరంతో కన్నుమూసింది. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరాదు గనుక, కర్మలు ముగిసేదాకా బంధువులు వండి తెచ్చి పెట్టారు. ఆ పిమ్మట పొయ్యి రాజేయవలసినవాణ్ణి నేనే. రాజేయలేదు. హోటలు ఇడ్లీలతో పూటలు వెళ్ళబుచ్చుతూ, ఎవరు పలకరించినా ‘ఊఁ’ అనే ఒక్క అక్షరంతో సరిపుచ్చేవాణ్ణి. అంతటి సంక్షిప్త శైలి నాకు తరగతి గదిలో ఏనాడూ పట్టుబడలేదు. భార్య ప్రస్తావన మాత్రం నా పెదవి దాటలేదు.

ఆమె అన్న ఆళ్ళగడ్డలో సేద్యం చేసుకొనేవాడు; నాకు ఆయన బావ, ఆయనకు నేను బావ. ఆదివారం వస్తే చాలు, జొన్నరొట్టెలు, వాటిలోకి నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి మూటగట్టుకొని మొదటి బస్సుకే దిగేవాడు. వానలు, ఎద్దులు, మంత్రులు, అన్నింటినీ దుమ్మెత్తిపోసేవాడు. చెల్లెలి మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ ఒక్కచోట మా ఇద్దరి నాలుకలకూ ఒకటే సంకెల.

ఒక ఆదివారం మూటలో రొట్టెలు లేవు. ఊరిబిండితో పాటు రాగిపిండి, బియ్యపు నూకలు ఉన్నాయి.

“ఈపొద్దు వండింది తేలేదు బావా. సంగటి చెయ్, తిని పోతా. రాజధానే కర్నూలుకు వచ్చె, నీ పొయ్యిలోకి నిప్పు రాదా?”

“నాకు చేతకాదు.”

“ఛందస్సు వస్తాది, సంగటి రాదా? ఏం పండితుడివప్పా!”

ఉడికిన నూకల మీద పిండి కుప్పగా పోసి, కదపక మగ్గనిచ్చి, అటుపై తెడ్డుతో గెలకాలట. నేను పిండి పడీపడకముందే గెలికాను. ఫలితం ఊహించదగినదే.

బావ ముద్ద విరిచాడు. నడుమనుండి పచ్చిపిండి రాలింది.

“ఏందీ బావా ఇది? అచ్చం నీ సమాసాలే. పైకి గట్టిగుండాయి, పగలగొడితే లోపల పొడి!”

కంచం తోసివేస్తాడనుకున్నాను. నమిలి మింగాడు. తల వంచుకొనే నవ్వాడు.

“మా చెల్లెలూ ఇంతే. మొదటిసారి సంగటి చేసినపుడు నాయన ఎద్దుకు పెట్టమనె. ఎద్దు వాసన చూసి మొగం తిప్పుకొనె.”

ఆమె పోయినప్పటినుండి ఆ ఇంట ఆమె ఊసు పలకడం అదే మొదలు. ముద్ద పట్టిన బావ చేయి నడుమనే ఆగిపోయింది. చేయరాని అపరాధమేదో చేసినవానివలె నా వంక చూశాడు. నేను మళ్ళీ ‘ఊఁ’ అని ఊరుకుంటే, ఆయన ఇక జన్మలో ఆ మాట ఎత్తడని నాకు తెలుసు.

“అబద్ధం,” అన్నాను. “నా ఇంటికి వచ్చేనాటికి ఆమె సంగటి వెన్నముద్ద.”

“ఎద్దుమీద నేర్చి నీకు పెట్టె లేప్పా! ఇద్దరూ నోరు లేనోళ్ళే గదా!”

నవ్వు వచ్చింది. దాని వెంట రావలసినదీ వచ్చింది. బావ తువాలు నాకు అందించబోయి, ముందు తానే మొగం తుడుచుకున్నాడు.

“ఎద్దు సంగతి సరే,” అన్నాను. “నీమీద నీ చెల్లెలు చెప్పిన చాడీలు నావద్ద ఎన్ని ఉన్నాయో ఎరుగుదువా?”

“ఏం చెప్పిందేం? బెల్లం కుండ సంగతా?”

“అది కాక మరొకటి కూడా.”

“యాడిదప్పా అది? చెప్పు!”

“చెబుతాను. ముందు ఇంకొక ముద్ద పెట్టుకో.”

“ఈ శిక్ష గూడానా!” అంటూనే కంచం ముందుకు జరిపాడు. నేనూ నా కంచం తెచ్చుకొని, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.