దూది మీద అమ్మ కూర్చున్న తావు

మొన్న మా ఇంటికి సున్నం వేయడానికి వచ్చిన మనిషి గోడ మీది పటం దించి, దుమ్ము తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, "తాతా, పరుపు ఉండాది, సూది ఉండాది, మనిషే లేదే!" అన్నాడు. అది మా అమ్మ బొమ్మ అని చెబితే నాకేసి జాలిగా చూసి, ఫొటో ఉంటే ఇమ్మని, సాయంత్రానికల్లా ఫ్లెక్సు కొట్టించి తెస్తానని భరోసా ఇచ్చాడు. ఫొటోనే ఉంటే ఇంత బాధెందుకని అతనితో ఏం చెబుతాను? మీలాంటి నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది దూదేకులవాళ్ళ ఇల్లు. నాయన దూది ఏకేవాడు, అమ్మ పరుపులు కుట్టేది. ఆదోని పత్తి పుణ్యమా అని అన్నంలో దూది, జుట్టులో దూది, ఆఖరికి నాయన మీసాల్లోనూ దూదే. ఆ ఇంట్లో పుట్టి నేను బొమ్మల పిచ్చిలో పడ్డాను. అంగళ్ళ బోర్డులు రాస్తూ రాస్తూ, పోయినవాళ్ళ పటాలు వేయడంలో చేయి తిరిగినవాణ్ణి అనిపించుకున్నాను. వేలెడంత ఫొటో మీద గళ్ళు గీసి, బిగించిన గుడ్డ మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, ఈ గడిలోది ఆ గడిలోకి ఎక్కించడం మా పద్ధతి. ఊళ్ళో ఎందరు పెద్దవాళ్ళు నా రంగుల్లో దండలేసుకుని కూర్చున్నారో గానీ, మా ఇంటి గోడలు మాత్రం బోసిగానే ఉండేవి. నమాజు చేసుకునే ఇంట్లో గోడల మీద మొహాలు ఉండకూడదనేది అమ్మ. ఫొటో తీయించుకోమంటే కొంగు అడ్డం పెట్టుకునేది. తాను పోయాక కూడా మొహం గీయొద్దని నా దగ్గర మాట తీసుకుంది, అంత మొండి మనిషి.

అమ్మ పోయిన కొన్నాళ్ళకే ఆమె మొహం నా కళ్ళ ముందు మసకబారసాగింది. ఎవరెవరి మొహాలో గీసినవాణ్ణి, అమ్మ కనుబొమలు ఎలా ఉండేవో గుర్తుకురాక భయపడిపోయాను. మాట తప్పకుండా ఆమెను ఎలా నిలుపుకోవాలో తెలియక, అలవాటు కొద్దీ గుడ్డ బిగించి గళ్ళు గీసేశాను. గీశాక గానీ తెలిసిరాలేదు, చూసి ఎక్కించడానికి నా ముందు ఏమీ లేదని. ఆ ఖాళీ గళ్ళ ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

చివరికి బస్సెక్కి ఎమ్మిగనూరులో ఉన్న మా అక్క దగ్గరికి పోయి గోడు వెళ్ళబోసుకున్నాను. అంతా విని అక్క, "మొగం వద్దనింది గానీ, కూర్సున్న తావు గీయొద్దనలేదు గదప్పా," అంది.

అమ్మ సగం నిండిన పరుపు మీదే ఒక మూల కూర్చుని కుట్టేది. లేచిపోయాక అక్కడ గుంట పడి, చాలాసేపు అలాగే ఉండేది. ఆ గుంటే అమ్మ అనుకున్నాను. నీలి చారల గుడ్డ, అందులో గుచ్చిన పొడుగాటి సూది, దాని వెంట దారం, ఎండలో తేలే దూది పోగులు, ఇవన్నీ తేలిగ్గానే వచ్చాయి. గుంట మాత్రం రాలేదు. తెలుపు పూస్తే సున్నం గోడలా, నలుపు కలిపితే బూడిదలా ఉండేది. ఎన్నిసార్లు చెరిపానో! చివరికి తెలుపులో కాస్త పసుపు, కాస్త నీలం కలిపి నీడ వేస్తుంటే, చేయి తనంతట తానే ఎడమవైపు లోతు పెంచింది. అమ్మ కుడి మోకాలు నొప్పని బరువంతా ఎడమపక్కే వేసి కూర్చునేది. ఆ సంగతి నాకు గుర్తున్నట్టు అప్పటిదాకా నాకే తెలియదు.

పటం చూడ్డానికి వచ్చిన అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. "ఇప్పుడే లేసిపోయినట్లుండాది. వస్తాదిలే," అంది. ఆ తర్వాత ఎప్పుడు ఆదోని వచ్చినా ముందు ఆ పటం దగ్గరికే పోయి అదే మాట అనేది. ఇప్పుడు అక్క కూడా లేదు. ఆ బొమ్మలో మనిషి కనబడేది ఇక నాకొక్కడికే.

సున్నం ఆరాక పటం మళ్ళీ అదే మేకుకు తగిలించుకున్నాను. ఈ రోజుల్లో అందరి మొహాలూ ఫోన్లలో వందలకొద్దీ ఉన్నాయి, సంతోషమే. పరుపులు మాత్రం స్పాంజివి వచ్చాయి. మనిషి లేవగానే పొంగిపోతాయి, ఎవరైనా కూర్చున్న ఆనవాలు కూడా మిగలదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పటం ముందు నిలబడి, ఇప్పుడే లేచిపోయినట్టుంది అని అక్క బదులు నేనే పైకి అంటుంటాను. వస్తాదిలే అనడానికి మాత్రం నోరు రాదు.