పట్నం ఎవరిది?

ఈ సాయంత్రం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చే బస్సులో మా పాప రేపటి పరీక్షకు రాష్ట్రాల రాజధానులు బట్టీ పట్టింది. "బిహార్ రాజధాని పట్నా" అని గట్టిగా చదివిందో లేదో, పక్కనున్న మా అమ్మ ఉలిక్కిపడింది.

"పట్నం మనది గదనే! బిహారోళ్లకు ఎప్పుడిచ్చిండ్రు?"

అమ్మకు హైదరాబాద్ అంటే ఎప్పుడూ పట్నమే. నేను నవ్వాపుకుని చెప్పబోయేలోపే, వెనక సీట్లోంచి వరినాట్లకు వచ్చిన కూలీ ఒకతను ముందుకు వంగాడు. మా మాటల్లో అతనికి అర్థమైంది ఆ ఒక్క ముక్కే.

"పట్నా? హమారా ఘర్ హై ఉధర్!"

ఇంటికి పోయి ఎన్నాళ్లయిందని అమ్మ తన వచ్చీరాని ఉర్దూలో అడిగింది. అతను వేళ్ల మీద లెక్కపెట్టబోయి, మధ్యలోనే ఆపి నవ్వాడు. అమ్మ తన మక్కకంకి సగం విరిచి అతని చేతిలో పెట్టింది.

అతను లింగంపేటలో దిగిపోయాక పాప అమ్మనే అడిగింది. "బాపమ్మా, ఇప్పుడు చెప్పు. బిహార్ రాజధాని ఏంది?"

"గా పిలగానోళ్ల ఇల్లు."

రేపు మా పాప అదే రాసొస్తుందేమోనని నా భయం. ఇక్కడ టీచర్లెవరైనా ఉంటే చెప్పండి, ఒక్క మార్కయినా వెయ్యరూ?